బాపు బాయి (బొగ్గు గని) ఉద్యోగం తీసుకోవాలా, సోలార్‌లోనే ఉండాలా?

ఖని_కరెంటోడు

అందరికీ నమస్తే. మాది గోదావరిఖని. వయసు 29, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మా బాపు సింగరేణిలో సపోర్ట్‌మన్. అండర్‌గ్రౌండ్‌లో పైకప్పు కూలకుండా రూఫ్ బోల్టులు బిగించే పని. ఇప్పుడు 57 ఏళ్లు, రిటైర్మెంట్ 61కి. మోకాళ్లు రెండూ పోయాయి, చెవులు సరిగ్గా వినపడవు. మెడికల్ బోర్డుకు పెట్టుకుని అన్‌ఫిట్ అయితే కారుణ్య నియామకం కింద ఉద్యోగం నాకు వస్తుంది. వయోపరిమితి 40కి పెంచారు కాబట్టి ఆ టెన్షన్ లేదు. అమ్మ, మామ, బావ అందరిదీ ఒకటే మాట: "పెట్టెయ్, ఆలోచించేదేముంది?"

నేను నాలుగేళ్లుగా జిల్లాలోనే ఒక సోలార్ ప్లాంటులో కాంట్రాక్టర్ కింద టెక్నీషియన్‌ని. పేరు చెప్పను. చేతికొచ్చేది 16,500. పొద్దున ఇన్వర్టర్ రీడింగులు, తర్వాత స్ట్రింగులు (వరసగా కలిపిన ప్యానెళ్లు) ఒక్కొక్కటీ చెక్ చేయడం, కాలిన కనెక్టర్లు మార్చడం, వానాకాలమైతే మెగ్గర్ (ఇన్సులేషన్ చూసే మీటర్) పట్టుకుని లీకేజీ వెతకడం. పని ఇష్టమే. కానీ నాలుగేళ్లలో కాంట్రాక్టర్ రెండుసార్లు మారాడు. మారినప్పుడల్లా మేం మళ్లీ కొత్తగా చేరినట్టు కాగితాలు. మొదటివాడు కోసిన పీఎఫ్‌లో ఐదు నెలలది ఇప్పటికీ ఖాతాలో కనపడలేదు.

నవ్వొచ్చే సంగతి ఒకటి. మా ప్యానెళ్ల మీద పడేది మామూలు దుమ్ము కాదు, ఓసీ (ఓపెన్ కాస్ట్, నేల పైనుంచే తవ్వే గని) నుంచి వచ్చే బొగ్గు పొడి. బట్టతో తుడిస్తే పోదు, నీళ్లు కొట్టి బ్రష్షుతో రుద్దాలి. ఇంట్లో అమ్మ బాపు బట్టలు ఉతుకుతుంది, ఇక్కడ నేను ప్యానెళ్లు ఉతుకుతాను. రెండు బకెట్లలో నీళ్ల రంగు ఒకటే.

అసలు ప్రశ్నకొస్తా. 2021లో గ్లాస్గో వాతావరణ సమావేశంలో మన దేశం 2070కల్లా నెట్ జీరో (గాల్లోకి వదిలే కార్బన్, తిరిగి తీసేసే కార్బన్ సమానం) అని చెప్పింది. 2030కి బొగ్గు, గ్యాస్ లాంటివి కాకుండా 500 గిగావాట్లు అంది. 2025లోనే దేశం మొత్తం విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ లాంటివి కానిదే అయింది. అది చదివి బాపు ఉద్యోగం మునిగిపోయే పడవ అనుకున్నా. మళ్లీ చూస్తే 2024-25లో దేశం 100 కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వింది. మా ఊరి పక్కనే రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే సోలార్ 2022 నుంచి నడుస్తోంది. గట్టు మీద 2,600 మెగావాట్ల బొగ్గు ప్లాంటు. దాని పక్కన ఇంకో 1,600 బొగ్గుదే, కొత్తగా కట్టారు. అదే చోట రెండూ పెంచుతుంటే నేను ఏ లెక్క నమ్మాలి?

నేను చేరితే 2057లో రిటైర్ అవుతా. అప్పటిదాకా బొగ్గు ఉంటుందా? లేక ఇప్పుడే సోలార్‌లో గట్టిగా పాతుకుంటే పదేళ్లకైనా జీతం ఒక స్థాయికి వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మంచిర్యాల_మహేశ్

ఉద్యోగం వస్తానంటే ఇన్ని లెక్కలేంది బ్రో. తీస్కో. సోలార్ టెక్నీషియన్ అని చెప్పి ఒక్క సంబంధం తెచ్చుకో చూద్దాం.

ఖని_కరెంటోడు

రెండు వచ్చాయన్నా. రెండిట్లో పిల్ల తండ్రి మొదటి ప్రశ్న "పర్మినెంటేనా?" మూడోది రాలేదు.

పాత_ఫిల్లర్

బిడ్డా, నేను 1982లో బదిలీ ఫిల్లర్‌గా, అంటే రానోళ్ల జాగల టబ్బులకు బొగ్గు నింపేటోనిగ, బాయి దిగినోన్ని. 2017లో దిగిపోయిన. నీ ప్రశ్నలో ఒక పొరపాటు ఉంది, అది చెప్తా. సోలార్ వచ్చి బొగ్గు ఉద్యోగాలు తింటదని అనుకుంటున్నవు. ఈ గడ్డ మీద సోలార్ ప్యానెల్ ఒక్కటి కూడా కనపడకముందే మా ఉద్యోగాలు పోయినై.

నేను చేరినప్పుడు తట్టా చెమ్మస్ (పార) పని. టబ్బు నింపితే పైసలు. 1990ల మొదట్లో కంపెనీలో లక్షా పదివేల మందికి పైగా ఉంటిమి. ఇప్పుడెంత? నలభై వేల చిల్లర. మరి బొగ్గు తగ్గిందా? లేదు, పెరిగింది. 2023-24లో 7 కోట్ల టన్నులు దాటింది. అందులో తొంభై శాతం దాకా ఓపెన్ కాస్టులదే. మనుషులను తగ్గించింది ఎవరు? ముందు బొగ్గెత్తే ఎస్‌డీఎల్ మిషన్లొచ్చినై, ఫిల్లర్ల పని పోయింది. తర్వాత వీఆర్‌ఎస్ అన్నరు. నా జోడీదారు తీసుకున్నడు, వచ్చిన పైసలతో రెండు ఆటోలు కొన్నడు, రెండూ అమ్ముకున్నడు. తర్వాత ఓసీలొచ్చినై, మట్టి తీసే పని కాంట్రాక్టుకిచ్చిండ్రు. అట్ల ముప్పై ఏండ్లల్ల అరవై డెబ్బై వేల పర్మినెంటు కొలువులు కరిగిపోయినై. దానికి గ్రీన్ అని, ట్రాన్సిషన్ అని ఎవరూ పేరు పెట్టలే. పేపర్ల కూడా రాలే.

ఇంకోటి. ఎఫ్‌సీఐ కత నీకు తెల్వదు, నువ్వప్పుడు మూడేండ్ల పిల్లగానివి. రామగుండంల బొగ్గుతోని యూరియా చేసే ఫ్యాక్టరీ. 1980ల మొదలైంది, 1999ల మూసిండ్రు. కాలనీల వెయ్యి ఇండ్లల్ల లైట్లు ఒక్కొక్కటిగ ఆరిపోవుడు కండ్లార చూసిన. స్కూల్ల పిల్లలు తగ్గిండ్రు, గేటు ముంగట చాయ్ హోటళ్లు మూసుకున్నరు, కూరగాయలమ్మే ఆమె గోదావరిఖని మార్కెట్‌కొచ్చింది. ఇరవై రెండేండ్లకు, 2021ల, ఆర్ఎఫ్‌సీఎల్ పేరుతోని మళ్ల మొదలైంది. ఇప్పుడు గ్యాస్‌తోని నడుస్తది. మంచిదే. కానీ నడుమ ఇరవై రెండేండ్లు మనిషి ఏం తినాలె? ఫ్యాక్టరీ తిరిగొచ్చింది గని అండ్ల పనిచేసినోళ్లు రాలే.

అందుకని చెప్తున్న. 2057 దాకా బొగ్గుంటదా అని అడగకు. నువ్వు మస్టర్ పడే, అంటే కంపెనీ హాజరు పట్టీల పేరున్న, మనిషివా, గుత్తేదారు కింద మనిషివా, అది చూసుకో. 2024 దసరకు లాభాల వాట పర్మినెంటోళ్లకు సగటున లక్షా తొంభై వేలొచ్చింది. కాంట్రాక్టోళ్లకు ఐదు వేలు. అదీ కంపెనీ చరిత్రల మొదటిసారి ఇచ్చుడు. ఒకటే ఓసీ, ఒకటే దుమ్ము.

ఖని_కరెంటోడు

కాకా, ఆ ఐదు వేలు మా బావకొచ్చాయి. ఓసీలో డంపర్ నడుపుతాడు, కాంట్రాక్టు. ఆ పైసలతో పిల్లలకు బట్టలు తీసి, మిగతాది మా ఇంట్లోనే పండగ చేసుకున్నాడు. బాపు వాటా సంగతి ఆ రోజు ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

మీరు చెప్పింది నిజమే. నేను బొగ్గు, సోలార్ అని చూస్తున్నా. మా ఇంట్లో తేడా అక్కడ లేదు.

తిరుమణి_అమ్మాయి

నేను పావగడ వైపు నుంచి. కర్ణాటక అయినా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, చుట్టూ మూడు వైపులా ఆంధ్రానే. ఈ చర్చలో భూమి మాట ఎవరూ ఎత్తలేదు, అందుకని రాస్తున్నాను.

మా ఐదూళ్లలో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. భూమి కొనలేదు, లీజుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 తో మొదలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. మా నాన్నకు ఆరెకరాలు. వేరుశనగ వేస్తే మూడేళ్లలో రెండేళ్లు విత్తనం ఖర్చు కూడా రాని నేల. మొదటి ఏడాదే లక్షా ఇరవై ఆరు వేలు బ్యాంకులో పడితే నాన్న పాస్‌బుక్ మూడుసార్లు ప్రింట్ చేయించుకున్నాడు. నేను డిగ్రీ చదివింది ఆ డబ్బుతోనే. కాబట్టి సోలార్‌ని తిట్టే అర్హత నాకు లేదు.

కానీ మా చేలో కలుపుకు వచ్చే ఓబులమ్మత్తకు (పేరు మార్చాను) ఎకరం కూడా లేదు. ఆమెకు లీజు ఎవరిస్తారు? వేరుశనగ పోయింది, కలుపు పోయింది, కాయ కోత పోయింది. గొర్రెలు మేపేవాళ్లకు బీడు పోయింది, అంతా కంచె. కొందరికి ప్యానెళ్లు కడిగే పని, గడ్డి కోసే పని, వాచ్‌మన్ పని దొరికింది. మిగతావాళ్లు బెంగళూరు బస్సెక్కారు. పార్కు కట్టేటప్పుడు మాత్రం ఊరంతా పనే, టీ కొట్టు పెట్టినవాడు కూడా బాగుపడ్డాడు. కట్టడం అయిపోయాక అంత పెద్ద పార్కులో మధ్యాహ్నం పూట మనిషి కనపడడు.

తమ్ముడూ, సోలార్‌లో పాతుకుంటే జీతం పెరుగుతుందా అని అడిగావు కదా. కట్టేవాళ్ల జీతం, డిజైన్ చేసేవాళ్ల జీతం పెరుగుతుంది. కడిగేవాళ్లది మా ఊళ్లో పెరగలేదు. నువ్వు మొదటి రకంలోకి వెళ్లగలవా చూసుకో.

జోబర్గ్_శ్రీను

అన్నా, నేను పదకొండేళ్లుగా జోహన్నెస్‌బర్గ్‌లో ఉంటున్నా, పవర్ ఎలక్ట్రానిక్స్‌లో పని. నీ పోస్టు చదువుతుంటే ఇక్కడి కొమాటి అనే బొగ్గు కరెంటు ప్లాంటు గుర్తొచ్చింది.

ఇక్కడ ఎంపుమలాంగా అని ఒక ప్రావిన్స్. దేశం బొగ్గంతా దాదాపు అక్కడే, బొగ్గు ప్లాంట్లు కూడా ఎక్కువ అక్కడే. 2021లో అదే గ్లాస్గో సమావేశంలో ధనిక దేశాలు దక్షిణాఫ్రికాకు బొగ్గు నుంచి బయటపడటానికి 850 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. పేపర్ చూసి ఇక్కడ అందరూ చప్పట్లు. తర్వాత వివరాలు బయటికొస్తే అందులో ఎక్కువ భాగం అప్పులు, ఉచితంగా ఇచ్చేది చాలా కొంచెం. 2025లో అమెరికా ఆ ఒప్పందం నుంచే తప్పుకుంది.

మొదటగా మార్చడానికి తీసుకున్నది కొమాటి ప్లాంటు. 1961 నాటిది, వయసైపోయింది, ఎలాగూ మూయాల్సిందే. 2022 అక్టోబర్ 31న చివరి యూనిట్ ఆపారు. ప్రపంచ బ్యాంకు 49.7 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. 150 మెగావాట్ల సోలార్, 70 గాలి, 150 బ్యాటరీ, పనివాళ్లకు శిక్షణ కేంద్రం. కాగితం మీద ఇంత చక్కని ప్లాన్ నేను చూడలేదు. లోపం వరసలో ఉంది. మూసింది ముందు, కొత్తది మొదలైంది తర్వాత. ప్లాంటు పర్మినెంటు ఉద్యోగులకు వేరే ప్లాంట్లకు బదిలీ దొరికింది. కాంట్రాక్టు వాళ్లకు, గేటు బయట బతికేవాళ్లకు ఏమీ దొరకలేదు. దేశంలో ఆ ఏడాది రోజుకు గంటల తరబడి కోతలు. ఇంట్లో కరెంటు లేనప్పుడు ప్లాంటు మూశారంటే జనం ఏమంటారు? ఆ తర్వాత ఇక్కడ గ్రీన్ అన్న మాట ఎత్తితేనే "కొమాటిలా చేస్తారా?" అని అడుగుతున్నారు.

మన దగ్గర ఇంకా ఎవరూ దేన్నీ వాతావరణం పేరు చెప్పి మూయలేదు, వయసైపోయినవే పోతున్నాయి. మీ రామగుండంలోనే 1971 నాటి 62.5 మెగావాట్ల బొగ్గు ప్లాంటు, బీ థర్మల్, 2024లో ఆగిపోయింది కదా. అక్కడ కాంట్రాక్టులో పనిచేసినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో ఎవరైనా కనుక్కున్నారా? నిజంగానే అడుగుతున్నా.

ఖని_కరెంటోడు

శ్రీనన్నా, ఒకతను తెలుసు. బీ థర్మల్‌లో కాంట్రాక్టు హెల్పర్. ఇప్పుడు మా దగ్గర నాతో పాటే ప్యానెళ్లు కడుగుతున్నాడు. వయసు 48. అక్కడ 14 వేలు, ఇక్కడ 11. బొగ్గు నుంచి సోలార్‌కు మారిన మనిషి అంటే మా ఊళ్లో నాకు తెలిసి అతనొక్కడే. అతనికి ఆ సంగతి చెబితే "అవునా" అన్నాడు.

లెక్కల_మాస్టారు

డబ్బు ఎక్కడిది అనే ప్రశ్న ఎవరైనా అడుగుతారేమో అని చూశాను, అడగలేదు. నేనే చెబుతాను, కొంచెం కోపంగానే.

2010లో కేంద్రం బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు పెట్టింది. పేరు క్లీన్ ఎనర్జీ సెస్. బొగ్గు మీద వసూలు చేసి స్వచ్ఛ ఇంధనానికి పెడతామని. చాలా మంచి ఆలోచన. 2014లో 100, 2015లో 200, 2016లో 400. 2017లో జీఎస్టీ వచ్చింది. ఆ 400 అలాగే ఉండిపోయింది కానీ పేరు మారింది, జీఎస్టీ పరిహార సెస్సు. అంటే ఆ డబ్బు రాష్ట్రాల ఆదాయం లోటు పూడ్చడానికి, ఆ తర్వాత కోవిడ్‌లో తెచ్చిన అప్పు తీర్చడానికి పోయింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెస్సు తీసేశారు, బదులుగా బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతం చేశారు.

ఒక చిన్న గుణకారం చేయండి. సింగరేణి 7 కోట్ల టన్నులు, టన్నుకు 400. ఏడాదికి 2,800 కోట్లు. ఒక్క సింగరేణి బొగ్గు మీద, ఒక్క ఏడాదికి. అందులో పదో వంతు, 280 కోట్లు, ప్రతి ఏటా గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, కొత్తగూడెం, ఇల్లందులలో మనుషుల మీద పెట్టి ఉంటే? ఐటీఐలు, కాంట్రాక్టు వాళ్ల పీఎఫ్ పూచీ, చిన్న ఫ్యాక్టరీలకు షెడ్లు. పేద దేశం, డబ్బు లేదు, ధనిక దేశాలు ఇవ్వాలి అంటాం. ఇవ్వాల్సిందే, వాళ్ల పాపం వాళ్లది. కానీ మన దగ్గర వసూలైనదాన్ని మనం ఎటు పంపాం?

రాష్ట్రాల లోటు కూడా నిజమే, ఆ డబ్బుతో జీతాలూ పింఛన్లూ ఇచ్చారు, కాదనను. అయినా గ్రీన్ అని పేరు పెట్టి వసూలు చేసింది వేరేదానికి పోయినప్పుడు కనీసం చెప్పాలి కదా.

పాత_ఫిల్లర్

మాస్టారూ, ఇల్లందు పేరు రాసిండ్రు, సంతోషం. ఈ కతంత మొదలైంది ఆడనే, 1871ల బొగ్గు దొరికింది ఇల్లందు కాడ. ఇప్పుడు ఆ ఊర్ల పిల్లలు హైదరాబాద్‌ల డెలివరీ బండ్ల మీద ఉన్నరు. కంపెనీ కొత్త బొగ్గు కోసం ఒడిశ పోయింది, అంగుల్ జిల్లల నైనీ బ్లాకు. బిడ్డా కరెంటోడా, నువ్వు చేరినా రేపు అంగుల్‌కు బదిలీ కావచ్చు, అది కూడా లెక్కేసుకో.

ఖని_కరెంటోడు

అందరికీ థ్యాంక్స్. వారం నుంచి ఇవే ఆలోచిస్తూ ఉన్నా. నిన్న రాత్రి బాపు సెకండ్ షిఫ్ట్ నుంచి వచ్చాక కూర్చుని మాట్లాడాను. కొంచెం గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది, చెవుల వల్ల.

సోలార్ గురించి ఇంత వరకు ఆయన ఎప్పుడూ అడగలేదు. నిన్న అడిగారు. "మీ ప్లాంట్ల పైకప్పు కూలదు కదా?" అని. లేదు బాపూ, కింద భూమి మీదే ఉంటాయి, కరెంటు షాకే భయం అన్నాను. "గ్యాస్ ఉండదు కదా?" ఉండదు. కాసేపు ఊరుకున్నారు. "మరి మస్టర్ ఎందుకు పడదురా?" అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

నిర్ణయం ఇది. మెడికల్ బోర్డుకు పెడుతున్నాం. ఉద్యోగం కోసమా అంటే అవును, కానీ అంతకంటే ముందు ఆ మోకాళ్లతో ఇంకో నాలుగేళ్లు ఆయన కిందికి దిగకూడదు. అమ్మ మూడేళ్ల నుంచి ఇదే చెబుతోంది, నేనే వినలేదు. నాకు వస్తే బదిలీ వర్కర్‌గా చేరతా, అండర్‌గ్రౌండ్‌లో ఏడాదికి 190 మస్టర్లు నింపాలి. తర్వాత డిప్లొమా ఉంది కాబట్టి ఎలక్ట్రికల్ వైపు ఇంటర్నల్ నోటిఫికేషన్ కోసం చూస్తా. సింగరేణికి సొంతంగా సోలార్ ప్లాంట్లు ఉన్నాయి, మంచిర్యాల జిల్లా జైపూర్ థర్మల్ దగ్గర నీళ్ల మీద కూడా వేశారు. ఓసీ గుంతల్లో నీళ్లు నింపి పంప్డ్ స్టోరేజ్ (నీళ్లు పైకి ఎక్కించి, కిందికి వదిలి కరెంటు తీసేది) కట్టాలనే ఆలోచన కూడా నడుస్తోంది. అది వస్తే నాకు తెలిసిన పనే.

నేను వెళ్లాల్సింది అక్కడికేనని అనిపిస్తోంది: బొగ్గు కంపెనీ మస్టర్ మీద, సోలార్ పని. బొగ్గుకూ సోలార్‌కూ మధ్య ఒకదాన్ని ఎంచుకోవాలని ఇన్నాళ్లూ అనుకున్నది నేనే. యూనియన్ ఆఫీసులో నిన్న ఇదే అడిగా, కంపెనీ సోలార్ ప్లాంట్ల నిర్వహణ పర్మినెంటు వాళ్ల చేతికి, అండర్‌గ్రౌండ్‌లో పనికి పనికిరాకుండా పోయినవాళ్ల చేతికి ఎందుకు ఇవ్వరని. మా బాపు మోకాళ్లతో బోల్టు బిగించలేరు, ఇన్వర్టర్ గదిలో రీడింగులు రాయగలరు కదా. అక్కడి లీడరు నా వైపు చూసి "నువ్వింకా చేరలే కదా తమ్మీ, చేరినంక రా" అన్నాడు. సరే, చేరాకే వెళ్తా.

బీ థర్మల్ అన్నకు పీఎఫ్ నంబర్ ఎలా చూసుకోవాలో ఫోన్లో నేర్పాను. రెండు ఖాతాలున్నాయి అతనికి, ఒకదాంట్లో పైసలు కూడా ఉన్నాయి. పాతది బదిలీ చేసుకునే పద్ధతి ఎవరికైనా తెలిస్తే కింద రాయండి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పీఎఫ్‌లో ఒకలా ఉంది.

రేపు నాకు ఫస్ట్ షిఫ్ట్. ఎండ ఎక్కకముందే నీళ్లు కొట్టాలి, వేడెక్కిన అద్దం మీద చల్లనీళ్లు పడితే పగుళ్లొస్తాయి. మళ్లీ సాయంత్రం వచ్చి చూస్తా.